ఈ వయసులో ఎందుకమ్మా?

ఆడదాని వయసూ, మగవాడి జీతమూ అడగకూడదని పెద్దలు చెప్పారు. మగవాడి జీతం సంగతి నాకు తెలియదు గానీ, ఆడదాని వయసు మాత్రం నిజంగానే ఎవరూ అడగరు. అడగవలసిన అవసరం వాళ్ళకి లేదు. వాళ్ళే చెప్తారు! "ఈ వయసులో నీకెందుకమ్మా సంగీతం?" "ఈ వయసులో పరీక్షలేమిటండీ, పిల్లలు నవ్వరూ?" "ఈ వయసులో స్కూటర్ నేర్చుకుని ఎవర్ని ఉద్ధరించాలి?" "ఈ వయసులో కంప్యూటరా? హాయిగా రామకోటి రాసుకో పిన్నీ!"

నా వయసు యాభై రెండు. అడక్కుండానే చెప్పేశాను గనక ఆ బెంగ తీరిపోయింది. ఇక విషయానికి వద్దాం.

"ఈ వయసులో" అన్న ఆ ఒక్క మాట మీదే నా పోట్లాట. వయసు లేదనీ, అది మీద పడదనీ నేను అనను. మోకాళ్ళు నాకూ ఉన్నాయి. మేడ మెట్లు ఎక్కేటప్పుడు అవి తమ గోడు నాకు వినిపిస్తూనే ఉంటాయి. నా తగువల్లా ఏమిటంటే, వయసనేది మనిషి మొత్తం మీద ఒక్కసారే వచ్చి కూర్చోదు. కాళ్ళ వయసు వేరు, చూపు వయసు వేరు, జ్ఞాపకం వయసు వేరు, మాట వయసు వేరు, ఎదుటి మనిషిని అర్థం చేసుకునే వివేకం వయసు మరీ వేరు. ఒక్కో విద్యకి పంట చేతికొచ్చే కాలం ఒక్కోటి. వరి కోతలయిపోయాయి గనక ఇక ఈ భూమిలో ఏమీ పండదని ఏ రైతైనా చేతులు కట్టుకుని కూర్చుంటాడా? మన డెల్టాలో వరి ఇంకా చేలో ఉండగానే మినుములు చల్లేస్తారు. భూమికి ఇచ్చిన ఆ పాటి మర్యాద ఆడమనిషికి ఇవ్వరేం?

దీనికి జవాబుగా మనవాళ్ళ దగ్గర ఒక సామెత తయారుగా ఉంటుంది. "మొక్కై వంగనిది మానై వంగునా?" అని. వంగదు. ఒప్పుకున్నాను. కానీ, అమ్మా, వంగడమేనా చెట్టు పని? నీడనిచ్చేది మొక్కా, మానా? కాయలు కాసేది ఎవరు? టెంక నాటిన మామిడి కాపుకి రావడానికి అయిదారేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ తర్వాత తరాల తరబడి కాస్తుంది. వంగే గుణం ఒక్కటే చూసి చెట్టుకి మార్కులు వేసే ఈ సామెతని పిల్లల్ని బడికి పంపేందుకు వాడుకోండి, బాగుంటుంది. పెద్దవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టేందుకు వాడకండి.

సరే, ముందు వయసుకి ఇవ్వవలసిన బాకీ ఇచ్చేద్దాం. లేకపోతే "ఈవిడ కబుర్లు చెబుతోంది" అంటారు.

1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో నాడియా కొమనేచి అనే రుమేనియా పిల్ల జిమ్నాస్టిక్స్‌లో పదికి పది తెచ్చుకుంది. అంతకు ముందు ఒలింపిక్స్‌లో ఎవరికీ రాని మార్కులవి. పది అని చూపించడానికి ఆ బోర్డుకి చేతకాక 1.00 అని చూపించింది. ఆ పిల్లకి అప్పుడు 14 ఏళ్ళు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో మన పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకున్నప్పుడు ఆమెకి 20. నూరు మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తి 2009లో ఉసేన్ బోల్ట్ రికార్డు పెట్టినప్పుడు అతనికి 22. దూకడం, గింగిరాలు తిరగడం, ఒక్క ఊపున పరుగు తియ్యడం - ఇవి పడుచు ఒంటి విద్యలు. ఇందులో వాదన లేదు.

అందుకే "వయసు ఒక అంకె మాత్రమే" అని ఈమధ్య తియ్యగా పలుకుతున్నారే, ఆ మాట కూడా నాకు గిట్టదు. అంకె మాత్రమే అయితే కళ్ళజోడు నంబరు ఎందుకు మారుతోంది? ఆ మాట చెప్పేవాళ్ళు సాధారణంగా మనకి ముడతల క్రీమో, జుట్టుకి రంగో అమ్మబోతూ ఉంటారు. "నువ్వు ఇరవై ఏళ్ళ పిల్లలా ఉన్నావు" అనడం పొగడ్త అని వాళ్ళ ఉద్దేశం. అంటే యాభై రెండేళ్ళ మనిషిలా ఉంటే తప్పన్నమాటే కదా! "ఈ వయసులో ఎందుకు?" అనేవాడూ, "నీకసలు వయసే లేదు" అనేవాడూ ఇద్దరూ ఒక్క బళ్ళో చదువుకున్నవాళ్ళే. ఇద్దరి లెక్కలోనూ ఇరవై తర్వాత మిగిలిందంతా నష్టమే.

పైగా, పడుచు ఒంటి విద్యల్లో కూడా వయసు చెప్పిందే వేదం కాదు. ఒక్సానా చుసోవితినా అని ఉజ్బెకిస్తాన్ అమ్మాయి 1992లో 17 ఏళ్ళకి ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో జట్టుతోపాటు బంగారు పతకం అందుకుంది. పెళ్ళయి, కొడుకు పుట్టి, ఆ పసివాడికి 2002లో రక్తపు క్యాన్సర్ అని తెలిసింది. వైద్యం కోసం జర్మనీ చేరి, ఖర్చులకి డబ్బు కావాలని పోటీలు మానకుండా దూకుతూనే ఉంది. బిడ్డ బతికి బట్టకట్టాడు. 2008లో 33 ఏళ్ళ వయసులో వెండి పతకం తెచ్చుకుంది. 2021లో టోక్యోలో 46 ఏళ్ళకి, తన పిల్లల ఈడు పిల్లల మధ్య నిలబడి మళ్ళీ దూకింది. ఇది అందరివల్లా అవుతుందని నేను చెప్పను. నావల్ల అసలే కాదు. ఒలింపిక్స్‌కి వెళ్ళిన పద్నాలుగేళ్ళ పిల్ల ఎంత అరుదో, నలభై ఆరేళ్ళ తల్లి అంతకన్నా అరుదు. అయితే ఎవరూ ఆ పద్నాలుగేళ్ళ పిల్లని చూసి "ఈ వయసులో ఎందుకమ్మా?" అనలేదు చూడండి!

ఇక ఒళ్ళు వదిలి బుర్ర దగ్గరికి వద్దాం. చదరంగం కూడా పడుచువాళ్ళ ఆటే అంటారు. అందులో నిజం ఉంది. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2025లో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో, 38 ఏళ్ళ హంపి మీద 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ గెలిచింది. "చూశావా! వయసు!" అంటారు మీరు. ఆగండి. నింపాదిగా ఆడే రెండాటలూ సమానమైపోయాక, త్వరత్వరగా ఎత్తులు వేసే ఆటలో గెలుపు తేలింది. వేగం పడుచుపిల్లకి కలిసొచ్చిందనుకుందాం. మరి అంతకు ఏడెనిమిది నెలల ముందే, 2024 డిసెంబరులో, న్యూయార్క్‌లో జరిగిన ఆ వేగపు చదరంగంలోనే హంపి ప్రపంచ విజేత అయిందే! అప్పటికి ఆమెకి 37. అంతకు ముందు 2019లో అదే పోటీలో గెలిచినప్పుడు ఆమె బిడ్డతల్లి. పురిటి కోసం ఆటకి విరామమిచ్చి మళ్ళీ వచ్చింది. ఒక్క బల్ల మీద, ఒకే మనిషి విషయంలోనే వయసు ఇన్ని రకాలుగా తీర్పు చెబుతుంటే, అన్ని పనులకీ కలిపి ఒకే తీర్పు చెప్పే మన పక్కింటి పెద్దమనిషిని ఏమనాలి?

శాస్త్రజ్ఞులు కూడా ఈ సంగతి తేల్చారు. హార్ట్‌షార్న్, జర్మైన్ అనే ఇద్దరు పరిశోధకులు వేలాది మందికి రకరకాల బుద్ధి పరీక్షలు పెట్టి 2015లో ఫలితాలు ప్రకటించారు. కంటికి కనబడగానే చటుక్కున గుర్తుపట్టే చురుకుతనం పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళకే శిఖరానికి చేరి అక్కణ్ణించి దిగడం మొదలెడుతుంది. అప్పుడే విన్న అంకెలో పేర్లో కాసేపు మనసులో పట్టి ఉంచుకునే శక్తి పాతికేళ్ళ దాకా పెరిగి, ముప్పై అయిదు దాటాక తగ్గుతుంది. "ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీశానో మర్చిపోయాను" అని మనం నవ్వుకునేది దీన్ని గురించే. కానీ ఎదుటివాళ్ళ కళ్ళు మాత్రమే చూసి వాళ్ళ మనసులో ఏముందో చెప్పగలగడం నలభైల్లో, యాభైల్లో శిఖరానికి వస్తుందట. మాటల నిధి, అంటే ఎన్ని మాటలు తెలుసు, వాటి అర్థాలు ఎంత సరిగ్గా తెలుసు అన్నది అరవై అయిదు దాటాక కూడా పెరుగుతూనే ఉంటుందట!

నాకు దీనికి పరిశోధన అక్కర్లేదు. కాలేజీ నుంచి వచ్చిన పిల్ల "ఏం లేదమ్మా" అన్నప్పుడు ఆ "ఏం లేదు"లో ఏముందో వంటింట్లోంచే కనిపెట్టే తల్లులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇరవై ఏళ్ళప్పుడు ఆ తల్లికే ఆ విద్య లేదు. అప్పుడు అత్తగారి "ఏం లేదు" అర్థంకాక రాత్రిళ్ళు ఏడ్చిన మనిషే ఆవిడ.

అన్నిటికన్నా నాకు నచ్చింది టైపిస్టుల కథ. మా కాలంలో ఇంటర్ పరీక్షలు రాయగానే ఆడపిల్లని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించేవారు. లోయరో హయ్యరో పాసైతే పెళ్ళిచూపుల్లో చెప్పుకోవడానికి ఒక అర్హత, కలిసొస్తే ఉద్యోగం. కనక ఈ కథ మనకి బాగా అర్థమవుతుంది. సాల్ట్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో 19 ఏళ్ళవాళ్ళ నుంచి 72 ఏళ్ళవాళ్ళ దాకా టైపిస్టుల్ని పరీక్షించి 1984లో ఆ సంగతులు ప్రచురించాడు. ఒక్కొక్క అక్షరం చూపించి "ఇది కనబడగానే మీట నొక్కు" అంటే పెద్దవాళ్ళు ఆలస్యంగా నొక్కారు. వేళ్ళ వేగం తగ్గింది. అయినా పేజీ ఇచ్చి టైపు చెయ్యమంటే చిన్నవాళ్ళతో సమానంగా చేసేశారు! ఇదేం మాయ? వేళ్ళు ఒక మాట మీద ఉండగా వాళ్ళ కళ్ళు చిన్నవాళ్ళ కన్నా ఇంకా ముందుకి వెళ్ళి, రాబోయే అక్షరాల్ని చదివేస్తున్నాయి. ముందున్న అక్షరాలు కనబడకుండా మూసేస్తే మాత్రం పెద్దవాళ్ళ వేగం పడిపోయింది. వేళ్ళు పోగొట్టుకున్నదాన్ని ముందుచూపు సంపాదించి పెట్టిందన్నమాట.

ఇది మన వంటింట్లో రోజూ చూసేదే. కొత్త కోడలు చకచకా కూర తరుగుతుంది, గబగబా నడుస్తుంది. అత్తగారు నెమ్మదిగా కదులుతుంది. కానీ పదిమంది భోజనాలకి కూర్చునే వేళకి ఎవరి వంట సిద్ధంగా ఉంటుంది? పప్పు పొయ్యి మీద ఉండగానే చింతపండు నానేసి, అది నానేలోగా పోపుగింజలు పక్కన పెట్టుకుని, నూనె కాగే సమయంలో పెరుగు చిలికేస్తుంది ఆవిడ. ఒక్క అడుగు వృథాగా వెయ్యదు. పరుగు పందెంలో పెడితే ఓడిపోతుంది. వంట పందెంలో పెట్టండి చూద్దాం! నూరేళ్ళు దాటానని చెప్పుకున్న గుంటూరు జిల్లా మస్తానమ్మ 2016లో పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే, యూట్యూబ్‌లో లక్షలమంది నోరూరుతూ చూశారు. 2018లో ఆవిడ పోయినప్పుడు దేశదేశాల పత్రికలు రాశాయి. ఆవిడకి ఏ వంటల కాలేజీ వయసు ధ్రువపత్రం ఇచ్చింది?

పాఠం చెప్పడమూ అంతే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించి రిటైరైన చిలుకూరి శాంతమ్మగారు తొంభై దాటాక కూడా విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళి కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పారు. మోకాళ్ళకి ఆపరేషన్లయి, ఊతకర్రలతో నడుస్తూ! మోకాళ్ళ వయసు వేరు, పాఠం వయసు వేరు అని నేనన్నది ఇందుకే. రాయడమూ అంతే. మన అబ్బూరి ఛాయాదేవిగారికి "తన మార్గం" కథలకి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది 2005లో, డెబ్భై దాటాక. పక్కనున్న కన్నడ దేశంలో బాను ముష్తాక్ ముప్పై ఏళ్ళకి పైగా రాసుకుంటూ వచ్చిన కథలు ఇంగ్లీషులోకి వెళ్ళి 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి తెచ్చినప్పుడు ఆవిడకి 77. కోపమూ, దుఃఖమూ, హాస్యమూ మాగి కథగా మారడానికి కాలం కావాలి. ఆవకాయ కలిపిన రోజునే జాడీ ఖాళీ చెయ్యరు కదా!

ఇంతదాకా చెప్పింది ప్రకృతి పెట్టిన వయసుల గురించి. వాటితో నాకు పేచీ లేదు. నా అసలు కోపం ఇంకో రకం వయసు మీద. చూసేవాళ్ళ కళ్ళు పెట్టిన వయసు అది. దానికి విద్యతో సంబంధం లేదు, శక్తితో సంబంధం లేదు.

ఉదాహరణకి ఎయిర్ ఇండియా విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌లకి ఒకప్పుడు 35 ఏళ్ళకే పదవీ విరమణ. పై అధికారి దయతలిస్తే ఏడాదికోసారి పొడిగింపుతో 45 దాకా. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళాడితే ఇంటికి, మొదటిసారి కడుపొస్తే ఇంటికి. అదే విమానంలో పనిచేసే మగవాళ్ళకి 58 దాకా ఉద్యోగం. నర్గీస్ మీర్జా మొదలైనవాళ్ళు కోర్టుకెళ్ళి పోరాడితే 1981లో సుప్రీం కోర్టు గర్భం నిబంధననీ, అధికారి దయాదాక్షిణ్యాల నిబంధననీ కొట్టేసింది. నాలుగేళ్ళ పెళ్ళి నిబంధనని మాత్రం ఉండనిచ్చింది. నాకు తెలియక అడుగుతాను, కాఫీ ట్రే పట్టుకోవడంలో, భయపడే ముసలాయనకి ధైర్యం చెప్పడంలో, ప్రమాదం వస్తే ప్రయాణికుల్ని బయటికి పంపడంలో 35 ఏళ్ళకి ఆడదానికి తగ్గిపోయే విద్య ఏమిటి? మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి పదవికి పోటీ చెయ్యాలంటే 35 ఏళ్ళు నిండాలి. దేశాన్ని ఏలడానికి అర్హత మొదలయ్యే వయసులోనే విమానంలో కాఫీ ఇవ్వడానికి అర్హత పోతుందట!

సినిమా సంగతి చెప్పనక్కర్లేదు గానీ, ఒక్క లెక్క చెప్పకుండా ఉండలేను. 1962లో "గుండమ్మ కథ"లో సూర్యకాంతంగారు గుండమ్మ. ఎన్టీ రామారావుగారు, నాగేశ్వరరావుగారు అల్లుళ్ళు. పుట్టిన తేదీలు వేసి చూడండి. రామారావుగారు అత్తగారి కన్నా ఏడాదిన్నర పెద్ద. నాగేశ్వరరావుగారు నెలా ఎనిమిది రోజులు పెద్ద! అత్తగారికి నిండా 38 లేవు. ఆవిడ నటనకి వంక పెట్టగలవాళ్ళు లేరు, అది వేరే సంగతి. 1972లో "బడిపంతులు"లో రామారావుగారికి మనవరాలిగా వేసిన శ్రీదేవి, 1979లో "వేటగాడు"లో ఆయన పక్కన హీరోయిన్. అప్పటికి ఆయనకి 56, ఆ పిల్లకి పదహారు నిండలేదు. తాతగారికి వయసు ఏడేళ్ళపాటు ఆగింది, మనవరాలికి మాత్రం పరిగెత్తింది. తెర మీద ఆడదాని గడియారం ఎప్పుడూ ఫాస్టే. ఆ తెర చూసి చూసి, ఇంట్లో గడియారాలు కూడా మనం అలాగే తిప్పేసుకున్నాం.

ఇంకో మాట. ఏ వృత్తిలో ఏ వయసుకి మనిషి శిఖరానికి చేరుతాడని లెక్కలు వేస్తారే, ఆ లెక్కలు ఎవరివి? చిన్నప్పుడు మొదలుపెట్టి మధ్యలో ఎవరూ ఆపకుండా పనిచేసుకుంటూ పోయిన వాళ్ళవి. ఇరవై రెండుకి పెళ్ళి, పాతికకి బిడ్డ, ముప్పైకి రెండో బిడ్డ, తర్వాత మామగారి పక్షవాతం, అత్తగారి షుగరు - ఈ వరసలో నడిచిన మనిషికి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? సివిల్స్ పరీక్షకి జనరల్ కోటాలో 32 దాటకూడదు. నిబంధన ఆడా మగా ఇద్దరికీ ఒక్కటే. కానీ ఆ 32 లోపు ఏళ్ళలో ఇద్దరి చేతుల్లోనూ ఉన్న గంటలు ఒక్కటేనా?

మన తెలుగువాళ్ళందరూ గర్వపడే గణాంక శాస్త్రజ్ఞుడు సి.ఆర్. రావుగారు. ఆయనకి పేరు తెచ్చిన పరిశోధన వ్యాసం 1945లో, 25 ఏళ్ళ వయసులో రాశారు. ఆ పనికి అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి 2023లో, ఆయనకి 102 ఏళ్ళప్పుడు ప్రకటించారు. ఇక్కడ పదవిలోంచి దిగాక అమెరికా వెళ్ళి ఇంకా ఎన్నో ఏళ్ళు పనిచేశారాయన. చిన్నతనంలో తన తల్లి తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదివించేదని తన పుస్తకం అంకితంలో ఆయనే చెప్పుకున్నారు. ఆ కొడుకు శిఖరం ఏ వయసులో వచ్చిందో మనకి తేదీలతో సహా తెలుసు. దీపం వెలిగించిన ఆ తల్లి తనకోసం ఏం చదువుకోవాలనుకుందో, ఆవిడ శిఖరం ఏదో ఎవరైనా రాశారా? తెల్లవారుజామున దీపాలు వెలిగించిన తల్లులందరి తరఫునా అడుగుతున్నాను.

ఈ సంగతి బాగా తెలిసిన మహాతల్లి దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, ఆ బంధంలోంచి బయటపడి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళి, ఆ తర్వాత తాపీగా మెట్రిక్ దగ్గర్నుంచి చదువు మొదలెట్టి, 1942లో 33 ఏళ్ళకి లా పట్టా పుచ్చుకున్నారు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద ఆడవాళ్ళ కోసం కొద్దికాలంలో మెట్రిక్‌కి తయారుచేసే చదువులు పెట్టించారు. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో వాటిని దేశమంతటా మొదలెట్టింది. పెద్ద వయసు ఆడవాళ్ళు పసిపిల్లల్లా పదేళ్ళు కూర్చోనక్కర్లేదు, జీవితంలో నేర్చుకున్నది వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉంది, మిగిలింది త్వరగా నేర్చుకోగలరు - ఆ ఏర్పాటు వెనకున్న నమ్మకం ఇదీ. ఎందరో ఆడవాళ్ళు దాంతో చదివి టీచర్లయ్యారు, నర్సులయ్యారు. "ఈ వయసులో ఎందుకమ్మా" అని ఆవిడ అడగలేదు. "ఈ వయసులో ఎలా చెప్తే వస్తుంది?" అని ఆలోచించారు. అడగవలసిన ప్రశ్న అది.

మా వారితో ఈ వాదనంతా వినిపిస్తే, సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "సరేనోయ్, అయితే ఇప్పుడు నువ్వు వీణ నేర్చుకుని కచేరీలు చేస్తావా ఏమిటి?" అన్నారు. చెయ్యనండీ. ఏడేళ్ళకి మొదలెట్టినవాళ్ళ వేళ్ళు నాకు రావు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ వీణ నేర్చుకునేవాళ్ళందరూ కచేరీ చెయ్యాలని ఎవరు రాసిపెట్టారు? మీరు ఆదివారం ఆదివారం షటిల్ ఆడుతున్నారు, సింధు మీదికి పోటీకి వెళ్ళడానికా? మగవాడు సరదాకి చేస్తే ఆరోగ్యం. ఆడది సరదాకి చేస్తే మాత్రం కచేరీ అయినా ఇవ్వాలి, జీతమైనా తేవాలి, లేకపోతే "ఎందుకూ?" అన్న ప్రశ్న తప్పదు. ఆయన ఫోన్ పక్కన పెట్టి అద్దాలు తుడుచుకున్నారు. మా ఇంట్లో అది ఒప్పుకోలు కిందే లెక్క.

అయితే ఈ ప్రశ్న మగవాళ్ళే అడుగుతారనుకుంటే పొరపాటు. మా వీధిలో ఒకావిడ 47 ఏళ్ళకి ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. పుస్తకాల సంచీ పట్టుకు వెళ్తుంటే కిటికీల్లోంచి నవ్విన మొహాల్లో ఒక్క మగ మొహం లేదు. ఆ నవ్వు దేనికో నాకు తెలుసు. తను మానేసింది ఇంకొకావిడ మొదలుపెడితే, తను ఎందుకు మానేశానా అని ఆలోచించుకోవలసి వస్తుంది. అది కష్టం. నవ్వడం సులువు. ఆవిడ పాసయింది. ఇప్పుడు మా వీధి స్వయం సహాయక సంఘం లెక్కలు ఆవిడే చూస్తోంది. నవ్వినవాళ్ళు పాసు పుస్తకాలు పట్టుకుని ఆవిడ గుమ్మం ముందే నిలబడుతున్నారు.

ఈ తప్పుడు గడియారం పిల్లల్ని కూడా వదలడం లేదు. పద్దెనిమిదేళ్ళకి గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు కదా అని, ఆరేళ్ళవాణ్ణి చదరంగం బల్ల ముందు కట్టేస్తున్నారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్. పదిహేనేళ్ళకి రాంకు రాకపోతే బతుకే అయిపోయిందని వాడి నమ్మకం. వాడికా నమ్మకం నేర్పింది మనమే. అమ్మ నలభై అయిదుకి పుస్తకం పట్టుకుని కూర్చుంటే, అది చూసే పిల్లవాడికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు, పరీక్ష తప్పితే ప్రపంచం ముగియదని.

కనక అక్కలారా, చెల్లెళ్ళారా, నా మనవి ఇది. ఇక మీద ఎవరైనా "ఈ వయసులో ఎందుకమ్మా?" అంటే కోపం తెచ్చుకోకండి. సంజాయిషీ అసలే ఇవ్వకండి. "ఏ పనికండీ?" అని తిరిగి అడగండి. నూరు మీటర్ల పరుగుకి అంటే, "నిజమేనండీ" అని ఒప్పేసుకోండి. గింగిరాలు తిరగడానికి అంటే, అదీ ఒప్పుకోండి. చదువుకి, రాతకి, లెక్కకి, పాటకి, వ్యాపారానికి, పదిమందిని కూడగట్టడానికి అంటే మాత్రం, వాళ్ళు సమాధానం వెతుక్కునేలోగా చెప్పులేసుకుని బయల్దేరండి. ఫీజు కట్టే ఆఖరు తేదీలు మన కోసం ఆగవు.